కడుపుకూ ఒక వేళ

ఇంట్లో ఎవరూ నోరు విప్పని బాధ బస్టాండు గోడ మీద మాత్రం అడుగెత్తు అక్షరాలతో కనిపిస్తుంది. మొలలకు ఆపరేషన్ లేకుండా వైద్యం అనే ప్రకటనలు మన పాలమూరు పట్టణాలకు కొత్త కావు. ఆ ప్రకటన కింది ఫోన్ నంబరును గుట్టుగా రాసుకుని పోయే మనిషి అంతకుముందు ఎన్నేళ్లు ఎవరికీ చెప్పుకోకుండా అవస్థ పడ్డాడో తలచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. మొలలు ఒక్కపూటలో పుట్టవు. చాలామందిలో వాటి వెనుక ఏళ్ల తరబడి గట్టిపడిన మలం ఉంటుంది, ముక్కుతూ కూర్చున్న పొద్దులు ఉంటాయి, మందుల దుకాణంలో గొంతు తగ్గించి ‘కడుపు సాఫ్ అయితలేదు’ అని చెప్పి తెచ్చుకున్న చూర్ణం డబ్బాలు ఉంటాయి. పాన్‌గల్ లాంటి పల్లె మండలంలో ఈ మాట ఇంకా గుట్టు. షుగరు గురించి, బీపీ గురించి నలుగురిలో కూర్చుని చెప్పుకుంటారు. మలబద్ధకం సంగతి భార్యాభర్తల మధ్య కూడా రాదు.

మాట బయటికి రాకపోవడంతో ఈ బాధ మందుతో మొదలై మందుతోనే సాగుతుంది. తిండిలో ఏం మారింది, నీళ్లు ఎన్ని తాగుతున్నావు, పొద్దున కాస్త తీరిక దొరుకుతోందా అని అడిగేవాళ్లు ఉండరు. అడిగితే సగం వైద్యం అక్కడే అయిపోతుంది.

ముందు ఒక అపోహ పోవాలి. రోజూ ఉదయం ఒకసారి కాకపోతే జబ్బే అనుకునేవారు చాలామంది. ఆరోగ్యవంతుల్లో రోజుకు మూడుసార్లు అయ్యేవారూ ఉంటారు, వారానికి మూడుసార్లు అయ్యేవారూ ఉంటారు. రెండూ మామూలే. వారానికి మూడుసార్ల కంటే తగ్గడం, మేకపెంటికల్లా గట్టిగా రావడం, చాలాసార్లు ముక్కవలసి రావడం, పోయి వచ్చాక కూడా ఇంకా మిగిలిందనిపించడం, ఇలాంటివి నెలల తరబడి ఉంటే దాన్ని దీర్ఘకాలిక మలబద్ధకం అంటారు వైద్యులు. లెక్క కంటే మలం ఎలా ఉంది, ఎంత కష్టపడి వస్తోంది అన్నది ముఖ్యం. రోజూ పోతున్నా ముక్కి ముక్కి పోయేవాడికి మలబద్ధకం ఉన్నట్టే. రెండు రోజులకోసారి సులువుగా పోయేవాడికి లేనట్టే. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎంతోమంది అనవసరంగా విరేచనం మాత్ర వేసుకోవడం మానుకుంటారు.

పెద్దపేగు పని తీరు కొంచెం తెలుసుకుంటే మిగతాదంతా తేలిక. సుమారు అయిదడుగుల పొడవుండే ఈ పేగులోకి రోజుకు లీటరు, లీటరున్నర ద్రవం వచ్చి చేరుతుంది. అందులో చాలాభాగాన్ని పేగు గోడ పీల్చుకుని ఒంటికి తిరిగి ఇచ్చేస్తుంది. మలంతో బయటికి పోయే నీరు నూరు, రెండు వందల మిల్లీలీటర్లే. ఎండలో పని చేసే మనిషికి ఈ పొదుపు ప్రాణాధారం. అయితే మలం ఎంత ఎక్కువసేపు లోపల ఉంటే పేగు అంత నీరు లాగేస్తూ పోతుంది. మలంలో పీచు ఉంటే అది నీటిని పట్టి ఉంచుతుంది, మలానికి బరువు, మెత్తదనం ఇస్తుంది, ఆ బరువు తగిలి పేగు కదులుతుంది. పీచు తక్కువైతే మలం కొంచెమే అవుతుంది, కదలిక మందగిస్తుంది, నీరు ఇంకిపోతుంది. వచ్చిన పిలుపును ఆపుకుంటే మళ్లీ అదే కథ. తిండి, నీళ్లు, వేళ మూడూ ఈ ఒక్క చోట కలుస్తాయి.

ఇప్పుడు మన తిండి దగ్గరికి వద్దాం. కృష్ణ ఒడ్డునే ఉన్నా పాలమూరు చాలాకాలం వాన మీద బతికిన నేల. జొన్న, సజ్జ, కొర్ర, తైదలు, ఆముదం, కంది, ఉలవలు ఇక్కడి చేన్ల పంటలు. పొద్దున తైదంబలి, మధ్యాహ్నం సద్దిమూటలో జొన్న రొట్టె, రాత్రి గట్కనో కొర్రన్నమో, పక్కన పుంటికూర పప్పు. వరి అన్నం పండగనాటి తిండి. ఆ కాలంలో బాధలు లేవని ఎవరూ అనరు. కరువు ఉంది, ఆకలి ఉంది, ముల్లె కట్టుకుని బొంబాయి పోయిన బతుకులు ఉన్నాయి. ఆ రోజులు తిరిగి రావాలని కోరుకోవడం తప్పు.

తర్వాత రెండు మార్పులు వచ్చాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి ఇంట్లో రోజూ అన్నం ఉడకడం అప్పటినుంచి అలవాటైంది. జూరాల ఎడమ కాలువ, ఆ తర్వాత భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు పారాక జొన్న చేలు కాస్తా వరి మడులయ్యాయి. 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా అని రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఆకలి తీర్చిన ఏ పథకాన్నీ తక్కువ చేసి మాట్లాడకూడదు. దొడ్డుబియ్యం అమ్ముకుని సన్నబియ్యం కొనుక్కోవలసి వచ్చిన తల్లుల కష్టం అందరం చూసినదే. కానీ పళ్లెంలోకి అన్నం వచ్చినప్పుడు పక్కకు జరిగిపోయినవి ఏమిటో కూడా చూసుకోవాలి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు వెలువరించింది. వాటి ప్రకారం నూరు గ్రాముల తెల్లబియ్యంలో పీచు మూడు గ్రాములకు లోపే. అంతే జొన్నలో 10 గ్రాములు దాటి ఉంటుంది. సజ్జల్లో, తైదల్లో 11 గ్రాముల పైచిలుకు. రోజంతా అన్నమే తినే కష్టజీవి 400 గ్రాముల బియ్యం వండుకుంటే ఒంటికి అందే పీచు 11 గ్రాములు. ఆ 400 గ్రాములూ జొన్నలైతే 40 గ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అంటే మన తాతలు ఏ పుస్తకం చదవకుండానే ఆ గీత దాటి తిన్నారు. మనం పప్పూ కూరా దండిగా వేసుకుంటే తప్ప అన్నంతో దాన్ని అందుకోలేం.

ఈ సంగతిని లోకం దృష్టికి గట్టిగా తెచ్చినవాడు డెనిస్ బర్కిట్ అనే ఐర్లండ్ శస్త్రవైద్యుడు. ఉగాండాలో చాలా ఏళ్లు పనిచేశాడు. అక్కడి పల్లెల్లో మలబద్ధకం, మొలలు, పెద్దపేగు జబ్బులు తన దేశంతో పోలిస్తే ఎంతో అరుదుగా కనిపించడం ఆయన్ను ఆలోచనలో పడేసింది. తోటి వైద్యులతో కలిసి 1972లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఉగాండా పల్లెవాసుల రోజువారీ మలం సగటున 470 గ్రాముల దాకా ఉంటే, బ్రిటన్ నౌకాదళ సిబ్బందిలో అది నూరు గ్రాములకు కాస్త ఎక్కువ. తిన్న తిండి బయటికి రావడానికి మొదటివారికి ఒకటిన్నర రోజు పడితే, రెండోవారికి మూడు రోజులకు పైగా పట్టింది. బర్కిట్ చెప్పిన ప్రతిదీ తర్వాతి పరిశోధనలో అలాగే నిలవలేదు. పీచుకూ మల విసర్జనకూ ఉన్న సంబంధం మాత్రం నిలిచింది. ముతక తిండి తినేవాళ్లని చిన్నచూపు చూసిన కాలంలో ఒక వైద్యుడు వాళ్ల దగ్గరే పాఠం నేర్చుకున్నాడు. అందుకైనా ఆయన్ను గుర్తుంచుకోవాలి.

అన్నం మానమని ఎవరికీ చెప్పనక్కర్లేదు. రెండు పూటల్లో ఒక పూట రొట్టె అయితే చాలు. రెండు జొన్న రొట్టెలకు నూరు గ్రాముల పిండి పడుతుంది, పది గ్రాముల పీచు దొరుకుతుంది. రొట్టె తట్టడం ఒక పనితనం, కట్టెల పొయ్యి ముందు కూర్చోవడం ఒక శ్రమ. కోడళ్లకు ఆ తీరిక లేదంటే అది నిజమే. గిర్నీలో పట్టించిన జొన్న రవ్వతో గట్క వండితే కుక్కర్లోనూ అవుతుంది. సాయంత్రం పిల్లలకు అయిదు రూపాయల పొట్లం చేతిలో పెట్టే బదులు ఉడికించిన శనగ గుడాలో, బొబ్బర్ల గుడాలో పెట్టవచ్చు. యాభై గ్రాముల శనగలు నానబెట్టి ఉడికిస్తే 12 గ్రాముల పీచు. వనపర్తి చుట్టుపక్కల పల్లికి కొదవ లేదు, నూరు గ్రాముల పల్లీల్లోనూ పది గ్రాముల పీచు ఉంది. గట్ల మీద దొరికే గంగవాయిలి, చెంచలి కూరలూ, పెరట్లోని మునగాకూ పైసా ఖర్చు లేనివి. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినాలని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మన ఇళ్లలో అన్నం గిన్నె నిండుగా ఉండి కూర గిన్నె అడుగున ఉంటుంది. ఆ రెండింటి కొలత కొంచెం మారితే అన్నం మారనక్కర్లేదు.

పండ్ల విషయంలో ఈ ప్రాంతం అదృష్టం చేసుకుంది. జామపండులో నూరు గ్రాములకు ఎనిమిది గ్రాముల పీచు ఉంటుంది, బీదవాడి చేతికి అందే పండ్లలో దానికి సాటి తక్కువ. వాన వెనకబడ్డ రోజుల్లో బాలానగర్ సీతాఫలం వస్తుంది. ఎండాకాలం కొల్లాపూర్ మామిడి ఉండనే ఉంది. దీర్ఘకాలిక మలబద్ధకం ఉన్న 36 మందిని తీసుకుని అమెరికాలోని టెక్సస్‌లో ఒక పరిశోధన చేశారు. 2018లో అది అచ్చయింది. కొందరికి రోజుకు 300 గ్రాముల మామిడి, మిగతావారికి అంతే పీచు ఉండే పొడి నాలుగు వారాలు ఇచ్చారు. రెండు జట్లకూ మేలు జరిగింది, మామిడి తిన్నవారికి కొంచెం ఎక్కువ జరిగింది. చిన్న పరిశోధన, పైగా మామిడి వ్యాపారుల మండలి డబ్బుతో జరిగింది కాబట్టి దాన్నే పట్టుకుని ఊగిపోనక్కర్లేదు. షుగరు ఉన్నవారు మామిడి విషయంలో వైద్యుడి మాట వినాలి. మిగతావారు మాత్రం పండును రసం తీసి పీచు పారేయకుండా కోసుకుని తింటే మంచిది.

ఒక హెచ్చరిక ఉంది. రేపటినుంచే మూడు పూటలా రొట్టె, గుడాలు అని పట్టుబడితే కడుపు ఉబ్బి, గ్యాస్ పట్టి, నాలుగో రోజుకే విసుగొస్తుంది. పేగులోని సూక్ష్మజీవులు కొత్త తిండికి అలవాటు పడాలి. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచుకోవాలి. పీచుతో పాటు నీళ్లు కూడా పెరగాలి, లేకపోతే పీచే బరువవుతుంది. సరిపడా తాగేవాడు ఇంకో రెండు చెంబులు అదనంగా తాగినందువల్ల మలబద్ధకం తగ్గదు. కానీ ఏప్రిల్, మే ఎండల్లో ఉపాధి హామీ పనికి పోయి లీటరు సీసా ఒక్కటే ముందు పెట్టుకునేవాళ్లు సరిపడా తాగడం లేదు. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాలలేదని గుర్తు. మజ్జిగ, అంబలి కూడా నీళ్ల లెక్కలోకే వస్తాయి.

తిండి గురించి ఇంత చెప్పినా, మన దగ్గర అంతకంటే తక్కువగా పట్టించుకునేది వేళ. పొద్దున లేచి ఏదైనా తిన్నాక, తాగాక పెద్దపేగు సహజంగా ఒక ఊపు అందుకుంటుంది. పొట్టలో తిండి పడగానే కింది పేగుకు కబురు పోయే ఏర్పాటు పుట్టుకతోనే వచ్చింది. పసిపిల్లలు పాలు తాగగానే దొడ్డికి పోయేది ఇందుకే. పెద్దల్లో ఆ పిలుపు ఉదయం వేళ అన్నిటికంటే బలంగా ఉంటుంది. అప్పుడు వెళ్లి కూర్చుంటే పని సులువు. ఇప్పుడు కాదులే అని ఆపుకుంటే పిలుపు సద్దుమణుగుతుంది. రోజూ ఆపుకుంటే కొన్నాళ్లకు పిలుపే పలచబడుతుంది. మలమూత్రాలను, ఆకలిదప్పులను, నిద్రను, తుమ్మును ఇలా పదమూడు సహజ వేగాలను ఆపకూడదని చరక సంహిత సూత్రస్థానంలో ఒక అధ్యాయమే ఉంది. ఇప్పటి వైద్యులు చెప్పేదీ అదే. లేచాక గ్లాసెడు గోరువెచ్చని నీళ్లు, కొంచెం తిండి, ఆ తర్వాత తొందర లేకుండా పది నిమిషాలు రోజూ ఒకే వేళకు. రాకపోయినా ముక్కకుండా లేచి రావాలి. ఫోను మాత్రం లోపలికి తీసుకుపోకూడదు. దాంతో అరగంట కూర్చుంటే మొలలకు దారి వేసినట్టే.

పది నిమిషాలే కదా అనిపిస్తుంది. ఆ పది నిమిషాలు ఎవరికి దొరుకుతున్నాయి? గద్వాల ప్రాంతం పత్తి విత్తనాల సాగుకు పేరు పొందింది. ముందురోజు మొగ్గ గిల్లి ఉంచిన పూలకు మరునాడు పొద్దున్నే మగపూల పుప్పొడి అద్దాలి. పూవు మన కోసం ఆగదు. కాబట్టి క్రాసింగ్ పనికి పోయే ఆడమనిషి తెల్లవారకముందే లేస్తుంది. వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, టీ పెట్టి, అందరికీ వండి, పిల్లలకు జడలు వేసి, సద్ది కట్టుకుని ఆటో ఎక్కుతుంది. తన ఒంటి పిలుపు ఆ నడుమ ఎప్పుడో వచ్చి పోయి ఉంటుంది. చేనులో చాటు ఉండదు. అందుకని నీళ్లు కూడా తక్కువ తాగుతుంది. మగ్గం గుంటలో రోజంతా కూర్చునే గద్వాల నేతగత్తెలకు కదలిక తక్కువ. పాలమూరు నుంచి వలసపోయి కట్టడాల దగ్గర రేకుల గుడిసెల్లో ఉండేవాళ్లకు మరుగుదొడ్డి ముందు వరుస. బస్సు ప్రయాణం ఉందంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మానేసే ఆడవాళ్లు మనందరి ఇళ్లలోనూ ఉన్నారు.

మరుగుదొడ్లు లేని కాలంలో ఈ బాధ ఇంకా ఘోరంగా ఉండేది. తెల్లవారకముందు పోవాలి, లేదా పొద్దుగూకాక పోవాలి. మధ్యలో వస్తే ఆపుకోవాలి. ఒక తరం ఆడవాళ్ల పేగులకు ఆపుకోవడమే అలవాటైపోయింది. స్వచ్ఛ భారత్ 2014 అక్టోబర్ 2న మొదలై ఇంటికి పన్నెండు వేల రూపాయల సాయంతో దొడ్లు కట్టించింది. ఆడవాళ్ల ఆరోగ్యానికి అది పెద్ద మేలు. అయితే కట్టిన దొడ్డిలో నీళ్లు ఉండాలి, గొళ్లెం ఉండాలి, పొద్దున అందరి కంటే ముందు మగవాళ్లే అందులోకి పోకుండా ఉండాలి. ఇంటిల్లిపాదికీ తిండి పెట్టే మనిషికి తన కడుపు గురించి చూసుకునే పావుగంట ఇంట్లోవాళ్లు ఇవ్వాలి. టీ గిన్నె భర్త పొయ్యి మీద పెట్టినా, పిల్లల జడలు అత్తమ్మ వేసినా ఆ పావుగంట దొరుకుతుంది. ఏ మందుల దుకాణంలోనూ దొరకని మందు అది.

బడిపిల్లల సంగతీ ఇదే. బడిలో దొడ్డి శుభ్రంగా లేకపోతే పిల్లలు ఆపుకుంటారు. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుడితే మళ్లీ భయపడి ఆపుకుంటారు, అది ఇంకా గట్టిపడుతుంది. కొందరిలో గట్టిపడ్డ మలం చుట్టూ పలచటి మలం జారి లాగులకు అంటుతుంది. అది తెలియక తల్లిదండ్రులు కొడతారు. కొట్టవలసిన పని కాదది, వైద్యుడికి చూపించవలసిన పని.

కూర్చునే తీరు గురించి ఒక మాట. గొంతుకూర్చున్నప్పుడు పేగు చివర ఉన్న వంపు సరళమై మలం సులువుగా జారుతుంది. మోకాళ్ల నొప్పులతో చాలామంది పెద్దవాళ్లు ఇప్పుడు కుర్చీ కమోడ్‌కు మారారు. మారక తప్పదు. పాదాల కింద ఒక చిన్న పీట వేసుకుని, మోకాళ్లు నడుముకంటే కాస్త ఎత్తులో ఉండేలా ముందుకు వంగి కూర్చుంటే దాదాపు అదే సౌకర్యం వస్తుంది. ఇంట్లో రొట్టెలు చేసేటప్పుడు కూర్చునే పీటంత ఎత్తు చాలు. పని లేని రోజుల్లో నడక కూడా అవసరం, మంచం దిగని ముసలివాళ్లకు మరీ.

ఇక మందులు. ఆముదం పండించిన నేల ఇది. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాలు ఆముదానికి పేరుపడ్డవి. పిల్లలకు నెలకోసారి ఆముదం తాగించడం ఇక్కడ పాత ఆచారం. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం పేగు కండరాలను ఎలా కదిలిస్తుందో జర్మనీ శాస్త్రవేత్తలు 2012లో విడమర్చి చూపారు. పనిచేస్తుంది, సందేహం లేదు. అయితే అది పేగునంతా ఒక్కసారి ఊడ్చేస్తుంది. సునాముఖి ఆకు, విరేచనం మాత్రలు కూడా మోతాదు మించితే అంతే. పేగు మొత్తం ఖాళీ అయ్యాక మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు మూడు రోజులు దొడ్డికి రాకపోవడం సహజం. మనిషి మాత్రం మళ్లీ కట్టిందని భయపడి ఇంకో మోతాదు వేసుకుంటాడు. ఏళ్ల తరబడి చూర్ణం వాడేవాళ్లలో చాలామంది పడ్డ గుంత ఇదే. విరేచనాలు ఎక్కువైతే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, ముసలివాళ్లకూ గుండెజబ్బు ఉన్నవాళ్లకూ అది ప్రమాదం. గర్భిణులు ఆముదం తాగకూడదు.

ఇసబ్‌గోల్ ఈ కోవలోది కాదు. గుజరాత్, రాజస్థాన్‌లలో పండే ఆ గింజ పొట్టు నీళ్లు పీల్చి జిగురుగా ఉబ్బి మలాన్ని మెత్తపరుస్తుంది. ఒక చెంచా పెద్ద గ్లాసెడు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. నీళ్లు తక్కువైతే గొంతులో అడ్డుపడే ముప్పు ఉంది. మిగతా మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంటే మేలు. నల్లమలలో దొరికే కరక్కాయ, తానికాయ, ఉసిరికలతో చేసే త్రిఫల చూర్ణం కూడా చాలా ఇళ్లలో వాడుకలో ఉంది. వాడేవాళ్లు అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యుడిని అడిగి వాడాలి. తిండీ వేళా మార్చినా తగ్గనివాళ్లకు మలాన్ని మెత్తపరిచే సురక్షితమైన మందులు వైద్యుల దగ్గర ఉన్నాయి, ఎక్కువకాలం వాడదగినవీ ఉన్నాయి. మందు వేసుకోవడం ఓటమి కాదు. ఎవరినీ అడగకుండా ఏళ్లకేళ్లు వేసుకోవడంలోనే చిక్కంతా.

కొన్నిసార్లు వేరే మందే మలబద్ధకాన్ని తెస్తుంది. గర్భిణులకు ఇచ్చే ఎర్రటి ఇనుము మాత్రలతో మలం నల్లగా, గట్టిగా రావడం మామూలు. కాన్పయ్యేలోగా 180 మాత్రలు వేసుకోవాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోని లెక్క. కడుపు కట్టిందని మధ్యలో మానేసే తల్లులు రక్తహీనతతో కాన్పుకు పోతారు. మానకుండా ఆశ అక్కకో, ఏఎన్ఎం అక్కకో చెబితే దారి చూపిస్తారు. కాల్షియం మాత్రలు, కొన్ని బీపీ మందులు, గట్టి నొప్పి మాత్రలు, మనోవ్యాధికి వాడే కొన్ని మందులు కూడా కడుపు కడతాయి. థైరాయిడ్ తగ్గినా, షుగరు చాలాకాలం అదుపు తప్పినా అంతే. అందుకే వైద్యుడి దగ్గరికి పోయేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని పోవాలి.

మలంలో రక్తం కనిపిస్తే, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, ఒంట్లో రక్తం తగ్గిందని తేలితే, యాభై దాటాక ఉన్నట్టుండి దొడ్డికి పోయే తీరు మారితే, కడుపు ఉబ్బి వాంతులై గాలి కూడా పోకపోతే ఇంటి వైద్యం అక్కడితో ఆపాలి. చివర చెప్పినది కనిపిస్తే అదే రోజు ఆస్పత్రిలో ఉండాలి. రక్తం పడితే మొలలేనని ఎవరికి వారు తీర్మానించుకోవద్దు. పెద్దపేగు క్యాన్సర్‌కూ అదే మొదటి గుర్తు కావచ్చు, తొందరగా పట్టుకుంటే అది నయమయ్యే జబ్బు. చదువూ అర్హతా లేనివాళ్లు మొలలకని వేసే సూదిమందులతో మలద్వారం కుంచించుకుపోయి, అంతకుముందు లేని బాధ తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. గద్వాలకూ 2024లో ఒకటి వచ్చింది. మూడు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ ఆస్పత్రిలో శస్త్రచికిత్స విభాగం ఉంది. ఓపీ చీటీకి డబ్బు కట్టనక్కర్లేదు. ఆడవాళ్లు మగ డాక్టరుకు చెప్పుకోలేకపోతే లేడీ డాక్టరు ఎప్పుడు కూర్చుంటారో అడిగి ఆ రోజు పోవచ్చు. ఎన్నాళ్లనుంచి ఉంది, వారానికి ఎన్నిసార్లు అవుతోంది, గట్టిగా వస్తోందా, రక్తం పడుతోందా, ఏం తింటున్నారు అన్న మాటలు సిగ్గు పక్కనపెట్టి చెప్పండి. ఇంట్లో ఎవరైనా ఈ బాధ పడుతున్నారని తెలిస్తే వాళ్లు చెప్పేదాకా ఆగకుండా మీరే అడగండి, వెంట తీసుకుపోండి.